పన్నెండు గజాలు

కాశీనగరం హైస్కూలు మైదానంలో
ఆ పన్నెండు గజాలూ నేనే కొలిచాను.
టేపు లేదు. నా అంగే గజం.
గుణుపురం లైన్లో ముప్పై ఏళ్లు
స్లీపరు మీంచి స్లీపరు మీదికి నడిచిన కాళ్లు, తప్పవు.
సున్నం చుక్క పెట్టి
ఇక్కణ్ణించి తన్నరా అంటే
నిరుడు ఇస్సాకు రైతా వచ్చి నిలబడ్డాడు.

వ్యానుకి వేలాడుతూ కొండ దిగొచ్చిన సవర గూడ
వాడి వెనక నోరు మూసుకుంది.
వాడు గోలీ మొహం చూడలేదు.
బంతిని చూశాడు,
బంతి కింద నా చుక్కని చూశాడు.
తన్నడం నాకు గుర్తులేదు.
వెదురు పోస్టు మోగడమే గుర్తు.

తొంభై నిమిషాలు ఆ చివరికీ ఈ చివరికీ
వాడు పరిగెత్తింది ఎవరికీ పట్టలేదు.
సంతలో ఇప్పుడు వాడి పేరు పోస్టు.
"పోస్టొచ్చాడు, రెండు కేజీలు ఉల్లిపాయలియ్యండి."
ఒడియాలో అదే, తెలుగులో అదే, సవరలోనూ అదే.
మూడు భాషల వాళ్లకీ ఒకేలా అర్థమయ్యే మాట
మా ఊళ్లో అదొక్కటే.

ఈ ఏడు ఫైనలు మళ్లీ ఒకటీ ఒకటి.
ఎక్స్‌ట్రా టైమూ అయిపోయింది.
ప్రైజు మేకపోతు గోలు వెనక నిలబడి
నెట్టుకని కట్టిన చేపల వల నములుతోంది.
వంశధార అవతల పొద్దు దిగిపోతోంది.
కమిటీ సెక్రటరీ దండసేన బారికి
మైకులో "పెనాల్టీలు!" అన్నాడు.
నేను ఈల తీసి జేబులో వేసుకున్నాను.

మరెలాగ? అన్నారు.
న్యాయమైన ప్రశ్నే.
టాసు వేసీమన్నాడు వార్డు మెంబరు.
రూపాయి బిళ్లకి చెమట పడతాదేటి? అన్నాను.
కార్నర్లు ఎవులికెక్కువో లెక్కెట్టమన్నాడు గుమస్తా పొట్నూరు లచ్చుమయ్య.
లెక్క రాసిన కాయితం
వల వదిలేసి మేకపోతు తినీసింది.
రేపు మళ్లీ ఆడిద్దామంటే
రేపు సంత, ఎల్లుండి ఉడుపులు,
వ్యానుకి డీజిలు ఎవడు పోయిస్తాడు?
కోసీసి చెరిసగం పంచుకుందామన్నారెవరో.
మేకపోతొక్కటే తలెత్తి చూసింది.

అప్పుడు చెప్పాను:
మూడు నిమిషాలకి ఒకడు
రెండు పక్కల నించీ బయటికొచ్చీయాలి.
గోలు పడ్డ దాకా.

పదకొండు, పది. తొమ్మిది.
మైదానం పెరుగుతూ పోయింది.
ఆరుగురయ్యేసరికి ఎవడు ఎక్కడ ఆడాలో మర్చిపోయారు.
నలుగురయ్యేసరికి పరుగు ఆపి నడిచారు.
బయటికొచ్చినోళ్లు ఎవరి పక్కన వాళ్లు కూచోవాలి గాని
నీళ్ల బకెట్టు ఒకటే ఉంది,
అందరూ దాని చుట్టూనే చేరారు.

ఆఖరికి ఒకడూ ఒకడూ.
మా వైపు, బేకరీలో పిండి పిసికే కూర్మారావు.
అటు వైపు ఎవణ్ణుంచాలో గూడే తేల్చుకుంది:
ఇస్సాకు.

అప్పటిగ్గాని నాకు తట్టలేదు.
ఒక్కణ్ణీ ఒంటరిగా నిలబెట్టకూడదని
నేను పెట్టిన రూలు
ఇద్దర్ని నిలబెట్టింది.

వ్యాను లైట్లు వేశారు. బ్యాటరీ ఎంతసేపని?
ఆ తర్వాత అన్నీ చప్పుళ్లే.
అడుగులు. ఆయాసం.
బురదలో ఎవడో జారిన చప్పుడు,
ఇంకొకడి నవ్వు, తర్వాత ఇద్దరి నవ్వూ.
బంతి ఎటుందో దానికే తెలియాలి.

వెదురు మోగింది.

నిరుటి చప్పుడే.
బకెట్టు దగ్గర ఎవడూ కదల్లేదు.
నేను టార్చి వెయ్యలేదు,
జేబులో ఉన్నా.
"ఎవుడ్రా తన్నింది?" అనడిగాను.

"నేనే" అన్నాడు కూర్మారావు.
"నేనే" అన్నాడు ఇస్సాకు.

ఇద్దర్లో ఒకడు అబద్ధం.
ఎవడిదో కనుక్కోవడం రిఫరీ పని.
చెయ్యలేదు.

మేకపోతు కోసం వెళితే తాడే ఉంది,
కొస తడిగా.
చెరుకు తోటలో ఎక్కడో ఒకసారి అరిచింది.

ఫలితం గడిలో ఏటి రాయమంతారు, అన్నాడు లచ్చుమయ్య.
చీకటి పడిందని రాయమన్నాను.