తరుగు

ఎనుమాముల యార్డుల మిర్చి బస్తా నలభై కిలోలు.
కాంటా ఎక్కకముందే
మా ఆయన వీపుకు ఎరుకైతది
ఇది నలభై, ఇది ముప్పై తొమ్మిదిన్నర అని.
అడ్తిదారు మాత్రం బస్తకింత
తరుగు కింద తీస్తనే ఉంటడు.
ఎందుకన్న రైతుకు
కాంటా కాడ ఎన్నడు జవాబు దొరకలే.

లారీ మీంచి పడ్డది మాఘమాసంల.
పై వరుస బస్తా జారింది, దాని ఎంబడే ఆయన.
తుంటిల రాడ్డేసిండ్రు.
ఎడమ కాలు రెండు వేళ్ళ మందం కురచైంది.
ముఠా మేస్త్రి ఒచ్చి
ఆ వారం కూలిల ఓ పాలు మంచం మీద పెట్టి
"నిమ్మళంగ రా" అన్నడు.
రాలే. సీజన్ అయిపోయింది.
తొడిమలు తీసే కాడ నా చేతులు మండుతున్నయి,
ఆ మంట మీదనే ఇల్లు నడిచింది.

మీసేవల స్లాటు దొరికేసరికి మూడు నెలలు.
పదిన్నరకు తెరుస్తరు,
పది ముప్పై మూడుకు అయిపోతయి.

ఎంజీఎం దవాఖానల క్యాంపు.
కిటికీ అవతలి పిల్ల పేరడిగింది.
ఇరవై ఆరేండ్ల సంది నోటితోని అనని పేరు.
గాదం కొమురెల్లి అన్న.
"గట్టిగ చెప్పమ్మా."
మళ్ళా అన్న. వరండా అంత విన్నది.

డాక్టరు తల ఎత్తకుంటనే
"గోడ దాకా పోయి రా" అన్నడు.

గప్పుడు చూసిన.
లుంగి సదురుకొని, రొమ్ము ఎక్కిచ్చి,
పండ్లు కరిచిపట్టి
వీపు మీద బస్తా ఉన్నప్పటి నడక నడిచిండు మా ఆయన.
నలుగురు చూస్తుంటే ముఠాల ఎవడు కుంటడు?
కుంటినోని వీపు మీదికి
మరునాడు ఎవ్వడు బస్తా ఎత్తడు.
ముప్పై ఏండ్లు నేర్చిన విద్య
ఐదడుగులల్ల మొత్తం చూపెట్టి
డాక్టరుకు నమస్తె గూడ పెట్టిండు.
చెమట ఒక్కటే దాసలేకపోయిండు.
చెమటకు శాతం లేదట.

ఫోన్ల మెసేజి ఒచ్చింది.
పక్కింటి పోరడు చదివిండు:
ముప్పై ఎనిమిది.
నలభై ఉంటెనే పింఛను.
మా ఆయన నవ్విండు.
"తరుగు తీసిండ్రు" అన్నడు.

ఆ రెండు ఎటు పోయినయో ఇల్లంత దేవులాడిన.
మంచం కాడికెల్లి బాత్రూం దాకా
సున్నం గోడ మీద, నడుమెత్తున,
ఆయన అరచెయ్యి రాసుకొని రాసుకొని
నల్లటి గీత పడ్డది.
దొరికినయి. గీడనే ఉన్నయి.
కని గోడను జిరాక్సు ఎట్ల తియ్యాలె?

సోమవారం కలెక్టరాఫీసు కాడ
చెట్టు కింద దరఖాస్తులు రాసేటాయన
"తమరు దయతలచి" అని మొదలువెట్టిండు.
ఆ ముక్క కొట్టెయ్యమన్న.
దయ గాదు, కాంటా మళ్ళా పెట్టుమని రాయి అన్న.
"అట్ల రాయరమ్మా" అన్నడు.
కొట్టేసిండు గని, మొఖం ముడుసుకొని
పునఃపరిశీలన అని రాసిండు.
"అంటే?"
"మళ్ళా కాంటా పెట్టుడే."
యాభై రూపాయలిచ్చిన.

రేపు మళ్ళా ఎంజీఎం.
"కొంచెం ఎక్కువ కుంటు బావా,
అందరు చేసేదే" అని
బుచ్చమ్మ మంచికే చెప్పింది.
ఆయన తినే పళ్ళెం పక్కకు జరిపిండు.
"లేని కుంటు కుంటనా నేను?
తూకంల మోసం చేసినోన్ని ఎంతమందిని తిట్టిన!"

రాత్రి మెల్లగ చెప్పిన:
లేనిది వద్దు. ఉన్నది దాచకు.
తెల్లారగట్ల నాలుగింటికి
నా ముందల ఎట్ల నడుస్తవో
గట్లనే నడువు.

శానసేపు మాట్లాడలే.
ఫ్యాను రెక్క కిర్రుమంటనే ఉన్నది.
"నీ ముందల నడిచినట్టు
అంత మంది ముందల
ఎట్ల నడుస్తనే?" అన్నడు.

నాకు జవాబు రాలే.
నాలుగింటికి మంచం కిర్రుమన్నది.
కండ్లు మూసుకొనే పండుకున్న.
గోడ మీద అరచెయ్యి
జరుగుతున్న సప్పుడు విన్న,
ఆగింది,
మళ్ళా జరిగింది.