ఎంత లోతు

నీగతా. జనవరి. కిటికీకి సగం దాకా మంచు.
నా బల్ల మీద ఒక అన్నవాహిక లోపలి పొర,
తపాలా బిళ్ళంత,
కార్కు చెక్క మీద గుండుసూదులతో బిగించి.
గొంతు వైపు ఇటు, కడుపు వైపు అటు.
రెండేసి మిల్లీమీటర్లు కోశాను. పదకొండు ముక్కలు.

ఆరింటిలో చెడుగు పైపైనే ఉంది.
ఏడో దానిలో సన్నటి కండర పొర తెగింది.
అక్కణ్ణుంచి కొలుస్తాం.
రెండు వందల మైక్రాన్లు మేం గీసుకున్న గీత.
ఇది మూడు వందల పది.

గడ్డ అంచున గుంపు విడిచిన కణాలు,
నాలుగు ఒకచోట, మూడు ఇంకోచోట.
ఐదుకి లోపుంటే మొగ్గలంటాం.
ఆ పేరు పెట్టినవాడికి తోట లేదనుకుంటాను.

గోధుమరంగు పట్టిస్తే
లింఫు నాళం గోడ వెంట్రుకలా తేలింది.
లోపల ఒకే ఒక్క గుత్తి,
పడవెక్కి కూర్చున్నట్టు.
ముందే ఎన్ని పడవలు వెళ్ళిపోయాయో
గాజు పలక చెప్పదు.

రోగులు నా గదికి రారు.
ఈయన వచ్చాడు. కుసాకబె తొకుజి, డెబ్బై రెండు,
యాభై చలికాలాలు సాకే కాచిన మేస్త్రీ.
గుక్కెడు తాగితే చెవుల దాకా ఎర్రబడే ఒళ్ళు,
రుచి చూడక తప్పని పని.
"నాదే కదా, చూపించండి" అన్నాడు.

చాలాసేపు మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు.
"ఉడికిన బియ్యం మీద మేం బూజు చల్లుతాం.
రెండు రాత్రులు నిద్రుండదు.
గంటకో గింజ విరిచి చూస్తాను,
తెల్ల పోగు ఎంత లోతు దిగిందని.
గింజంతా కప్పేస్తే మామూలు సరుకు.
అక్కడో చుక్క, ఇక్కడో చుక్క,
దిగిన చోట మాత్రం నడి గింజ దాకా దిగాలి.
అలాంటి దాని కోసమే నా వయసంతా పోయింది."

కన్ను తీయకుండానే అడిగాడు:
"ఇది మేలురకమే కదా?"

నివేదికలో జవాబుంది, నాలుగు వరుసల్లో, ముద్రతో సహా.
లోతు. మొగ్గలు. నాళం.
ఇలాంటివి వందలో ఎన్ని గ్రంథులకు పాకుతాయో
దానికీ ఒక అంకె ఉంది.
ఆ అంకెలో ఈయన ఏ పక్కనో లేదు.

"పనితనం తెలిసిన చెయ్యే" అన్నాను.

నవ్వాడు. నవ్వి, దగ్గి, టోపీ వెతుక్కున్నాడు.
"మేమైతే మూడోనాటి పొద్దున
గది తలుపులు బార్లా తీసేస్తాం.
చలి తగలగానే ఎక్కడి పోగు అక్కడే ఆగుతుంది.
మీరు ఎప్పుడు తీస్తారు?"

సోమవారం, అన్నాను.