ఎదురుకాళ్ళు

తొమ్మిదో నెలొచ్చినా తల పైనే పెట్టుకుని
నా పక్కటెముకల కింద కూర్చుంది.
రాత్రిళ్ళు పక్కకి ఒత్తిగిలితే
గుండ్రంగా, గట్టిగా, కొబ్బరిబోండంలా తగిలేది.
"ఇంక తిరగదమ్మా" అంది అమలాపురంలో స్కానింగు చేసినావిడ.

మా ఆయన కోటిపల్లి రేవులో పంటు సరంగు.
ముందూ వెనకా లేని బండి అది,
వచ్చినది వచ్చినట్టే, తిరక్కుండా వెళ్తుంది.
"దానికి లేని బాధ దీనికేంటి?" అన్నాడు.

డాక్టరు సుగుణవల్లిగారు నవ్వలేదు.
మొదటి కాన్పు ఎలా అయిందో రెండుసార్లు అడిగింది.
"ప్రయత్నిద్దాం. ఎక్కడ ఆగితే అక్కడ కోస్తాను."
రెండు కాగితాల మీద సంతకం పెట్టాను,
ఒకటి కనడానికి, ఒకటి కొయ్యడానికి.
పక్కగదిలో థియేటరు దీపం ఆర్పలేదు.

ఏటికి పోటు తగిలే వేళకే నాకూ తగిలింది.

ముందు పిర్రలు.
తర్వాత మడతమంచం విప్పినట్టు ఒక కాలు,
ఇంకో కాలు.
నర్సు కరుణమ్మ చెయ్యి ముందుకు సాగింది.
"ముట్టుకోకు."
లాగితే చేతులు పైకి పోతాయట, తల వెనక్కి వాలుతుందట.
ఇరవయ్యేళ్ళ చదువూ ఆవిడకి
చేతులు కట్టుకుని నిలబడ్డానికే పనికొచ్చింది.

బొడ్డుదాకా. భుజాలదాకా.
అక్కడ ఆగింది.
ఆడపిల్లని అందరికీ తెలిసిపోయింది.
బతుకుతుందో లేదో ఎవరికీ తెలీదు.
ఒళ్ళు పుట్టేసింది, తలింకా పుట్టలేదు.
ఎవరూ మాట్లాడలేదు.
కింద వీధిలో కొబ్బరికాయల లారీ వెనక్కి తీస్తున్నారు,
"రానీ... రానీ... రానీ... ఇంకొంచెం రానీ"
క్లీనరు కుర్రాడి గొంతు.
దేవుణ్ణి తలుచుకోలేదు నేను,
వాడి మాట విన్నాను.

డాక్టరమ్మ మోచేతి మీద నా కూతురు గుర్రమెక్కింది.
రెండు వేళ్ళు చెంపలకానించి
ఆవిడ ఆ తలని మెల్లిగా వంచింది,
పొట్టి గుమ్మంలో పెద్దమనిషిని వంగమన్నట్టు.

ఏడుపు వెంటనే రాలేదు.
ఆ సంగతి మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

జోషితకిప్పుడు ఆరేళ్ళు.
నడుం పట్టేసినవాళ్ళంతా మా అరుగు మీద బోర్లా పడుకుంటారు,
ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్ల తంతే పోతుందని.
మూడు తన్నులకి ఒక చాక్లెట్టు. బేరం లేదు.
నాది ఎప్పుడో పోయిందని దానికి చెప్తాను.
అబద్ధం.
ముసురు పట్టిన రాత్రి ఒత్తిగిలితే
ఇంకా అక్కడే,
గుండ్రంగా, గట్టిగా.