టాలీ పుస్తకం

కంటైనర్ యార్డులో ముప్పై ఏళ్లు టాలీ రాశాను.
ఒక్క పెట్టె నాది కాదు, ఒక్కదాని తాళం తీసింది లేదు.
ఏది ఏ వరసలో, ఎన్నో అంతస్తులో ఉందో
అడిగితే చెప్పేవాణ్ణి. అంతే నా ఉద్యోగం.

అందుకే మల్కాపురంలో మా మేనల్లుడు ఎర్నాయుడు
యూజ్‌నెట్ గురించి చెబుతుంటే నవ్వొచ్చింది.
"ఇండెక్సర్ దగ్గర ఫైలుండదు మావా,
ముక్కలెక్కడున్నాయో రాసిన చీటీ ఉంటాది."
టాలీ గుమస్తా అన్నమాట, అన్నాను.

హుద్‌హుద్ నాడు నీళ్లు తాగిన డిస్కులో
గురయ్య తప్పెటగుళ్ల రికార్డింగొకటి పోయింది.
నా దగ్గర కాపీ తీసుకున్నవాడెవడో
దాన్ని అక్కడ పడేశాడట,
అర్థంకాని అక్షరాల పేరుతో,
రేవులో పేరు చెరిపేసిన పడవలా.
ఉత్తినే వెతికితే జన్మకి దొరకదు.

చీటీ దొరికింది. మూడొందల పన్నెండు ముక్కలు.
నాలుగు వేల రోజుల నాటివి.
తెర మీద గీత కదిలింది,
డాల్ఫిన్స్ నోస్ మీద లైటులా
ఓసారి కనపడి, ఓసారి మాయమై.
ఏడు ముక్కలు లేవంది.
నా గుండెలో క్రేను కొక్కెం ఊగింది.

"కంగారుపడకు, అతుకుల ఫైళ్లున్నాయి" అన్నాడు వాడు.
ఉన్నవాటిని బట్టి లేనివాటిని కట్టేస్తాయట.
ఎలాగో చెప్పాడు, తలకెక్కలేదు.

షిప్‌యార్డు సైరన్ ఇంకా మోగక ముందే
తప్పెట మీద మొదటి దెబ్బ పడింది.
తర్వాత దగ్గు. గురయ్యదే.
పాట ఎత్తుకునే ముందు ఎప్పుడూ దగ్గేవాడు.

ఆ దగ్గు అసలు ముక్కలోదో, అతుకులోదో
అడగబోయి
మానేశాను.