డెబ్బై రెండు అంగలు

మూడు నెలలుగా అదే లెక్క.
కోతలైన చేలో, మోళ్ళ మీదుగా
అంగలు వేసుకుంటూ పోతే
డెబ్బై రెండో అంగ దగ్గర
నా నారింజ రంగు డిస్కు
అలిగి బోర్లా పడుకుని ఉంటుంది.

బోడసకుర్రు కొబ్బరిపీచు మిల్లులో లెక్కలు రాసేదాన్ని.
బేళ్ళు, టన్నులు, లారీ కిరాయిలు,
పైసా తేడా రానివ్వను.
ఈ ఒక్క అంకె మాత్రం
నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

బలం చాలదనుకున్నాను.
పీచు కట్టలు ఎత్తాను.
భుజం పీకితే కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాసుకుని
మర్నాడు సాయంత్రం పళ్ళు బిగించి విసిరితే
డెబ్బై ఒకటి.

ఫోను సరుగుడు చెట్టుకు ఆనించి
నన్ను నేను తీసుకుని చూశాను.
ఏం చెప్పమంటారు!
సంతలో పర్సు లాక్కుని పారిపోయేదానిలా ఉన్నాను.
పాదాలు ముందే పరిగెత్తాయి,
చెయ్యి ముందే వచ్చేసింది,
నడుం ఒక్కటే
పెళ్ళికి పిలవని చుట్టంలా దూరంగా నిలబడింది.
డిస్కు ముక్కు పైకెత్తింది.
గాలి దాన్ని అక్కడే ఆపి
ఎడంపక్క దించేసింది.

పంటబోదె గట్టు మీద వల ఆరేసుకుంటున్న లంకే తాతారావు
చుట్ట నోట్లోంచి తియ్యకుండానే అడిగాడు:
"అమ్మాయిగారూ, ఆ పళ్ళెం మీద అంత కోపం దేనికండీ?"

తన వల నా చేతిలో పెట్టాడు.
అంచు పొడుగునా సీసం గుళ్ళు.
"చేత్తో విసిరితే ఇది ముద్దగా పడుద్దండి,
చేప నవ్వుకుని పోద్ది.
చెయ్యి ఉత్త తాడండి.
విసిరేది కాళ్ళ కింద నేల."

చేసి చూపించాడు, అరవై ఏడేళ్ళ మనిషి.
వెనక్కి తిరిగాడు, ఎవరో పిలిచినట్టు.
కుడి పాదం నెమ్మదిగా పెట్టాడు
నిద్రపోయే పిల్లాడి పక్కన పెట్టినట్టు.
మడమ దిగింది.
అప్పుడు కదిలింది తుంటి, దాని వెంట భుజం,
భుజం వెంట మోచెయ్యి,
అన్నీ అయ్యాక, వేళ్ళు.
ఆ వరస మిల్లులో రోజూ చూస్తాను:
మోటారు, బెల్టు, చిన్న చక్రం.
అన్నిటికన్నా వేగంగా తిరిగేది చివరి చక్రమే,
దానికి సొంత మోటారు లేదు.

వారం రోజులు డిస్కు ముట్టుకోలేదు.
పెరట్లో తడి తువ్వాలు పట్టుకుని
తిరగడం, పాదం పెట్టడం, ఆగడం.
ఛెళ్ళుమనే చప్పుడు రొమ్ము దాటాకే రావాలి.
పక్కింటి జుబేదా వంటింట్లోంచి అరిచింది,
"ఎవర్నే అలా బాదుతున్నావు?"
నన్నే, అన్నాను.

ఆదివారం, సముద్రపు గాలి తగ్గిన వేళ
చేను వదిలి వైనతేయ ఒడ్డుకు వెళ్ళాను.
నీళ్ళు తొణకని గిన్నెలా
డిస్కును గుండెకు దగ్గరగా లాగాను.
వేళ్ళు వదులు. పాదం. మడమ.
ఒక్క క్షణం ఏమీ చెయ్యలేదు.
ఆ ఏమీ చెయ్యకపోవడమే ఇన్నాళ్ళూ నాకు రానిది.
ఆపైన వేళ్ళు వాటంతట అవే బిగిశాయి.

వెళ్ళింది.
ముక్కు దించుకుని, మనిషెత్తున,
కుడికి కాస్త ఒరిగి, మళ్ళీ నిలదొక్కుకుని,
ఇసుక మేట దాటి
రెండు కొంగలు తలలు తిప్పి చూస్తుండగా
నీళ్ళల్లో దిగింది.
చప్పుడు ఆలస్యంగా వచ్చింది.

కొలవడానికి బయల్దేరాను.
నలభై. అరవై. డెబ్బై రెండు.
అక్కడ ఆగలేదు.
డెబ్బై తొమ్మిది దగ్గర పాదాలు తడిశాయి,
ఎనభై ఆరు దగ్గర మోకాళ్ళు.
ఇంకా ముందుంది, ఎంతో తెలీదు.
"ఆగండి, లోతండీ!" తాతారావు కేక.

పడవ విప్పి, అది మునిగిన చోట
రెండుసార్లు వల వేశాడు.
రెండు జెల్లలు, ఒక చెప్పు, కాస్త నాచు.
జెల్లలు నాకిచ్చాడు.

చిట్టాలో ఆదివారం గడి ఖాళీగా వదిలేశాను.
మిల్లు లెక్కల్లో ఎప్పుడూ అలా చెయ్యను.

రాత్రి పులుసు మరుగుతుంటే
గరిటె కోసం పక్కకు తిరిగాను.
ముందు మడమ దిగింది,
తరవాత నడుం.