ఏడో ప్రశ్న

కూర్చో అమ్మాయ్, ఆ గ్యాసుబండ మీద కాదు, ఇటు, స్టూలుంది.
నీ పేరు బ్యూలా, ఊరు రేపల్లె పక్కన,
ఎకనామిక్స్ రెండో ఏడు, ప్రాజెక్టు పని. అర్థమైంది.
మొదటి ఆరిటికీ జవాబులు నోటి చివరే ఉన్నాయి:
నాంచారమ్మ. యాభై మూడు.
అయిదో తరగతి, అదీ తప్పాను.
యూనివర్సిటీ రెండో గేటెదురు మెస్సు.
పనివాళ్లిద్దరు, అందులో ఒకతి నా చెల్లెలు,
అది జీతం తీసుకోదు, దెప్పుతుంది.

ఏడోది నువ్వు కాస్త గట్టిగా చదివావు:
"విశ్వవిద్యాలయం వలన మీ జీవనోపాధిపై
కలిగిన ప్రభావమును వివరింపుడు."
కింద ఒకటే గీత.
వివరింపుడు అన్నవాళ్లు
గీత ఇంత పొట్టిగా గీశారేంటే?

సరే, రాసుకో.
పూటకి తొమ్మిది కిలోల బియ్యం.
కారం యార్డు నుంచి, తాలుకాయ కలవనివ్వను.
పెరుగు కాజ నుంచి, క్యాను నిండా.
గోంగూర నంబూరు ఆదెమ్మది,
ఆ కట్టల డబ్బు దాని కూతురి నర్సింగు ఫీజు.
ఆ ఫీజు ఎవరి ఖాతాలో రాస్తావో నీ ఇష్టం.

ఒకసారి పసుపు మరకపడ్డ వందనోటు
హాస్టలు కుర్రాడొకడు ఇచ్చాడు.
నేను ఆదెమ్మకిచ్చా,
అది ఆటోవాడికి, వాడు జిరాక్సు మస్తాన్‌వలీకి,
అతను పెన్నుల రీఫిళ్లకి మంగళగిరికి.
తొమ్మిదోనాడు అదే మరకతో
నా గల్లాలోకే వచ్చి పడుకుంది.
మీ సారు దానికేదో పేరు చెప్తాడటగా,
నేను తిరుగుబోతు నోటంటాను.

ఇంకోటి, ఇది రాయొచ్చో లేదో.
ఆ సైన్సు బిల్డింగు మెట్ల కింద
మా మామ మినప చేను.
ఇచ్చింది చాల్లేదని కోర్టుకెక్కి
తీర్పుకి ముందే దాటిపోయాడు.
స్కూటర్ల షెడ్డు వెనక వాన నీళ్లు నిలుస్తాయి చూడు,
అది ఆయన తూర్పు గట్టు.
సిమెంటు పోశారు గానీ
నీళ్లకి ఎవరూ చెప్పలేదు.
లాభమా నష్టమా, టిక్కెక్కడ పెడతావ్?

సేవంటావా, చేశారు.
ఒక ఏడు టోపీలు పెట్టుకొచ్చి
మా కాలవ ముందు బ్యానరు పట్టుకుని
ఫొటో దిగి, నా దగ్గరే మజ్జిగ తాగి వెళ్లారు.
కాలవ అట్లాగే ఉంది.
మరుసటేడు చెంచయ్యని ఒకడు, కనిగిరి వైపు,
కెమిస్ట్రీ, సోడాబుడ్డి కళ్లద్దాలు,
మా వీధి బోరు నీళ్లు సీసాలో పట్టుకుపోయి
వారానికి ఒక చీటీ తెచ్చాడు: తాగొద్దు.
చీటీలు ఎవరన్నా ఇస్తారే.
ఇతను దాన్ని పట్టుకుని
పంచాయతీ మెట్లు పదకొండుసార్లెక్కాడు,
నేను లెక్కపెట్టా, ప్రతిసారీ దిగొచ్చి ఇక్కడే తిన్నాడు.
ముందు ట్యాంకరొచ్చింది, రెండేళ్లకి పైపు.

అతని బాకీ ఇంకా నా పుస్తకంలో ఉంది,
వెయ్యిన్నీ మూడొందల నలభై.
చెల్లెలు కొట్టెయ్యమంటుంది.
కొట్టేస్తే
లెక్క తీరిపోయినట్టుంటుంది.

మీరు సర్వేకి మే నెల్లో రావాల్సింది.
మస్తాన్‌వలీ మెషినుకి దుప్పటి కప్పి
పెళ్లి వంటలకి గరిటె పట్టుకెళ్తాడు.
ఆటోలన్నీ హైవే మీదకి పోతాయి.
క్యాంపసు కుక్కలు రోడ్డు దాటొచ్చి
నా గడప ముందు వరసగా పడుకుంటాయి.
అప్పుడడిగితే అవే చెప్తాయి
నీ ఏడో ప్రశ్నకి జవాబు.

ఏది, ఏం రాశావో చూడనీ.
"సానుకూలం."
అంతేనా?
అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి.
పోనీలే, నువ్వేం చేస్తావ్, గీత అంతే ఉంది.
ఎనిమిదోది ఏంటి?
ఉండుండు, పప్పు పొంగుతోంది,
దించొచ్చి చెప్తా.
నువ్వు తిన్నావా పొద్దున్నుంచి?