గుమ్మం బయట చొక్కా

అరండల్‌పేట డాక్టరమ్మ
ఒక నోటుబుక్కు కొనమంది.
పిల్లకి ఆయాసం వచ్చిన ప్రతిసారీ
అంతకుముందు ఏం జరిగిందో రాయమంది.
నేను రోజంతా రాసేవాణ్ణే.
గుంటూరు మిర్చి యార్డులో కాటా గుమాస్తాని.
తేజ ఇన్ని టిక్కీలు, బాడిగ ఇన్ని టిక్కీలు, తరుగు ఇంత.
ఇదొక లెక్కా అనుకున్నాను.

సోమవారం. దోమల చక్రం. రాత్రి పదకొండు.
బుధవారం పక్కవాటాలో పోపు మాడింది.
వీధి వీధంతా తుమ్మి ఊరుకుంది,
హెప్సిబా ఊరుకోలేకపోయింది.
గురువారం ఏమీ కనపళ్ళేదు.
తర్వాత చెప్పింది,
బళ్ళో బోర్డు తుడిచే వంతు ఆ రోజు తనదని.

ముసురు పట్టినప్పుడు మంచం వెనక గోడకి
నల్లగా బూజు పట్టింది.
సువార్త బ్లీచింగు వేసి రెండు గంటలు తోమింది.
బూజు పోయింది,
బ్లీచింగు ఘాటుకి మళ్ళీ మొదలు.
ఏది రాయాలో తెలియక రెండూ రాశాను.

అమ్మమ్మ కుట్టిచ్చిన బూరుగుదూది దిండు తీసేశాం.
సాంబ్రాణి మానమని పై వాటా వాళ్ళని బతిమాలాం.
పెరట్లోకి వచ్చే పిల్లి మాది కాదు,
అయినా దానికి పాలు పోయడం ఆపేశాం.
పిల్లి పోయింది.
తొమ్మిదేళ్ళ ఛాతీలో
పిల్లికూతలు పోలేదు.

డొక్కలు ఎగిరే రాత్రి
నీలం పంపు గొట్టానికి తగిలించి
ఒకటి, రెండు, మూడు, పట్టి ఉంచమ్మా, నాలుగు...
బస్తాలు లెక్కపెట్టిన నోరే ఇది.
పదికి చేరడానికి ఇంతసేపు
ఎప్పుడూ పట్టలేదు.

పుస్తకం సగం నిండాక
ఒక ఆదివారం ముందునుంచి చదివాను.
ఆ పొద్దున చర్చిలో పాట చివరిదాకా
దాని ఊపిరి సరిపోయింది.
శని, ఆదివారాల గడులు దాదాపు ఖాళీ.
యార్డుకి సెలవు.
కారణం దొరకని చోటల్లా
ఒకటే టైము, సాయంత్రం ఏడున్నర.
ఏడుంబావుకి నేనొస్తాను.
గేటు చప్పుడైతే చాలు
పరిగెత్తుకొచ్చి
నా నడుం చుట్టేసి
చొక్కాలో మొహం దాచుకుంటుంది.

ఎదుటివాడి బస్తాలో పిడికెడు దుమ్ముంటే
చేయి పెట్టి చెప్పేవాణ్ణి.
నా కాలరు మడతలో ఎర్రటి పొడి
సువార్త ఉతుకుతూ తుమ్మినప్పుడల్లా
నవ్వేవాణ్ణి.

ఆ మాట పుస్తకంలో ఎక్కించడానికి మూడు రోజులు పట్టింది.
"నాన్న" అని రాసి కొట్టేశాను.
"చొక్కా" అని రాశాను.

ఇప్పుడు గుమ్మం బయటే విప్పేస్తున్నాను.
సందులో కుళాయి కింద తలారా స్నానం,
వాసన లేని సబ్బు.
అది కిటికీ ఊచల వెనక నిలబడి
అయిందా, అయిందా అని అడుగుతుంది.
నిన్న దగ్గరికొచ్చి మెడ దగ్గర వాసన చూసి
"నాన్న వాసన రావట్లేదు" అంది.
అని, ఒక్క క్షణం ఆగి, పట్టుకుంది.

ఈ వారం తారీఖులు మాత్రం వేశాను,
వాటి పక్కన ఏమీ రాయలేదు.
రేపు కోల్డ్ స్టోరేజీ నుంచి
పాత సరుకు దిగుతుందట,
నాలుగు లారీలు.